మంత్రిని ప్రశ్నించడం ఎలా: చట్టసభల సభ్యులకు, వారి సహాయకులకు ఒక మార్గదర్శిని

చట్టసభలో మంత్రిని అడిగే ప్రశ్నకు అసలు ప్రయోజనం ఒక్కటే. ప్రభుత్వం చేసిన పనికి గానీ, చేస్తానని చెప్పి వదిలేసిన పనికి గానీ సంబంధించి, తేదీతోనూ అంకెతోనూ సరిపోల్చి చూడదగిన ఒక సమాధానాన్ని సభా రికార్డులోకి ఎక్కించడం. అలా రికార్డుకెక్కిన సమాధానాన్ని తరువాత ఆధారాలతో పోల్చవచ్చు, వచ్చే సమావేశాల్లో గుర్తు చేయవచ్చు, తప్పని తేలితే దాని మీదే మంత్రిని నిలదీయవచ్చు. మంత్రి తడబడిన దృశ్యం వార్తల్లో ఒక పూట ఉంటుంది. రికార్డులో ఉన్న వాక్యం మాత్రం ఆ మంత్రి పదవీకాలం ముగిసిన తరువాత కూడా ఉపయోగపడుతుంది. అందువల్ల ప్రశ్న తయారు చేసేటప్పుడు సభలో తాను ఏం మాట్లాడాలన్న దానికంటే మంత్రి చేత ఏం చెప్పించాలన్నదే సభ్యుడు ముందుగా తేల్చుకోవాలి.

కొత్తగా ఎన్నికైన సభ్యులు, వారికి ప్రశ్నలు రాసిపెట్టే సహాయకులు, తమ ప్రతినిధి ద్వారా ఒక విషయాన్ని సభలో ప్రస్తావింపజేయాలనుకునే పౌరులు, ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నియమాలు ఒక్కో సభలో ఒక్కో రకంగా ఉంటాయి కనుక ఎవరి సభ నియమావళిని వారు దగ్గర పెట్టుకోవాలి. ప్రశ్న అడిగే పద్ధతి మాత్రం అన్నిచోట్లా చాలావరకు ఒకటే.

ముందు రాతపూర్వకంగా, ఆ తరువాతే నోటిమాటగా

ప్రశ్నల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మంత్రి సభలో లేచి జవాబు చెప్పేవి మొదటి రకం, లిఖితపూర్వక సమాధానం వచ్చేవి రెండో రకం. భారత లోక్‌సభలో మొదటి రకాన్ని నక్షత్ర గుర్తు ప్రశ్నలంటారు. ఒక రోజు జాబితాలో ఇవి 20 ఉంటాయి, లిఖితపూర్వక సమాధానం వచ్చే నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు 230 వరకు ఉంటాయి. ఆ 20 ప్రశ్నల్లో కొన్నింటికే ప్రశ్నోత్తరాల సమయంలో వంతు వస్తుంది, మిగిలిన వాటి సమాధానాలను సభ ముందు ఉంచుతారు. కెనడా దిగువ సభలో మౌఖిక ప్రశ్నకు 35 సెకన్లు, జవాబుకు మరో 35 సెకన్లు ఆనవాయితీగా ఇస్తారు. ఇంత తక్కువ వ్యవధిలో కొత్త సమాచారం రాబట్టడం దాదాపు అసాధ్యం. అందుకే తెలియని విషయాన్ని రాతపూర్వకంగా అడగాలి, తెలిసిన విషయం మీద మంత్రి వైఖరిని సభలో అడగాలి అన్న నియమాన్ని ప్రతి సభ్యుడూ పాటించాలని నా గట్టి అభిప్రాయం. మౌఖిక ప్రశ్నకు వార్తల్లో చోటు దొరుకుతుంది కాబట్టి చాలామంది దానికోసమే పోటీ పడతారు. కాని ప్రభుత్వానికి నిజంగా చిక్కు తెచ్చిపెట్టేది తరచుగా ఎవరూ పట్టించుకోని లిఖితపూర్వక సమాధానమే.

ఈ రెండూ కాక కొన్ని సభల్లో మరింత బరువైన సాధనాలున్నాయి. జర్మనీ పార్లమెంటులో ఒక పార్టీ బృందం గానీ, సభ్యుల్లో కనీసం 5 శాతం మంది గానీ కలిసి ప్రభుత్వానికి లిఖితపూర్వక ప్రశ్నావళి పంపవచ్చు, దానికి 14 రోజుల్లో సమాధానం రావాలి. ఒకే అంశం మీద అనేక ఉపప్రశ్నలు వేయడానికి వీలుండటం దీని బలం. ఫిన్లాండ్‌లో కనీసం 20 మంది సభ్యులు సంతకం చేసిన ప్రశ్నకు ప్రభుత్వం 15 రోజుల్లోపు సభలో జవాబు చెప్పాలి, ఆ చర్చ ప్రభుత్వం మీద విశ్వాసానికి సంబంధించిన ఓటింగుతో ముగుస్తుంది. ఇలాంటి సాధనాన్ని చిన్న విషయాలకు ఉపయోగిస్తే దాని విలువ పడిపోతుంది. లిఖితపూర్వక ప్రశ్నల ద్వారా సమాచారం చేతికి వచ్చిన తరువాతే దాని జోలికి వెళ్లడం మంచిది.

ప్రశ్న రాయడం

ప్రశ్న రాయడానికి ముందు చేయవలసిన పని చదవడం. బడ్జెట్ పత్రాలు, ఆడిట్ నివేదికలు, కమిటీల నివేదికలు, కోర్టుల్లో ప్రభుత్వం దాఖలు చేసిన అఫిడవిట్లు, అన్నింటికంటే ముఖ్యంగా అదే అంశం మీద గతంలో సభకు ఇచ్చిన సమాధానాలు చూడాలి. పాత సమాధానాలను తేదీల వరుసలో పక్కపక్కన పెట్టి చదివితే అంకెలు ఎక్కడ మారాయో, ఏ మాట మెల్లగా జారిపోయిందో కనిపిస్తుంది. ‘అమలు చేస్తున్నాం’ అన్నది రెండేళ్ల తరువాత ‘అమలుకు చర్యలు తీసుకుంటున్నాం’గా మారితే, ఆ మార్పు దగ్గరే మీ ప్రశ్న మొదలవుతుంది.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యుల కొరత గురించి అడగాలనుకున్న సభ్యుడికి మొదట తోచే ప్రశ్న ‘ప్రజారోగ్యం పట్ల ప్రభుత్వం ఇంత నిర్లక్ష్యంగా ఎందుకుంది?’ అన్నది. ప్రశ్నను ముందుగా సభా కార్యాలయానికి రాసి పంపే నోటీసు దశలోనే ఇది తిరస్కరణకు గురికావచ్చు, ఎందుకంటే ఆరోపణలు, వాదనలు, ఊహలు, ఎత్తిపొడుపులు ప్రశ్నలో ఉండకూడదని చాలా సభల నియమాలు చెబుతున్నాయి. ఒకవేళ అనుమతి దొరికినా మంత్రి తన పథకాల జాబితా చదివి కూర్చుంటారు.

రెండో ప్రయత్నం సాధారణంగా ఇలా ఉంటుంది: ‘(అ) ఆసుపత్రుల్లో వైద్యుల కొరత తీవ్రంగా ఉన్న మాట వాస్తవమేనా, (ఆ) అయితే వివరాలేమిటి, (ఇ) భర్తీకి తీసుకున్న చర్యలేమిటి?’ చూడటానికి పద్ధతిగానే ఉన్నా ఇందులో పెద్ద లోపం ఉంది. ‘తీవ్రంగా’ అన్న మాటను పట్టుకుని మంత్రి (అ)కు ‘లేదండి’ అంటే చాలు, మిగిలిన రెండు భాగాలకూ ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్న జవాబే వస్తుంది. ఒక విశేషణం వల్ల ప్రశ్న మొత్తం పోతుంది. షరతు మీద ఆధారపడే భాగాలను గొలుసులా కట్టడం మానుకుని, ప్రతి భాగాన్నీ దానంతట అది నిలబడేలా రాయాలి.

మెరుగైన రూపం ఇలా ఉండవచ్చు: ‘(అ) ఈ ఏడాది మార్చి 31 నాటికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంజూరైన వైద్యుల పోస్టులు, భర్తీ అయిన పోస్టులు జిల్లాలవారీగా ఎన్ని, (ఆ) నియమితులైన వారిలో అదే తేదీకి డిప్యూటేషన్ మీద గానీ, దీర్ఘకాలిక సెలవులో గానీ ఉన్నవారెందరు, (ఇ) సంవత్సరానికి మించి ఖాళీగా ఉన్న పోస్టులెన్ని, (ఈ) వాటి భర్తీకి ప్రకటన వెలువడిన తేదీ ఏది, ప్రకటన వెలువడకపోతే కారణమేమిటి?’ ఇందులో ఒక్క విమర్శా లేదు. కాని (ఆ) భాగం లేకపోతే కాగితం మీద ఉన్న వైద్యుడూ మంచం పక్కన ఉన్న వైద్యుడూ ఒకే లెక్కలో కలిసిపోతారు. తేదీ లేకపోతే శాఖ తనకు అనుకూలమైన తేదీని ఎంచుకుంటుంది. ‘సంవత్సరానికి మించి’ అని అడగకపోతే నిన్న ఖాళీ అయిన పోస్టు, పదేళ్లుగా ఖాళీగా ఉన్న పోస్టు ఒకేలా కనిపిస్తాయి.

బ్రిటన్ అనుభవం ఈ జాగ్రత్త ఎందుకో చెబుతుంది. ఇరాక్‌కు రక్షణ సామగ్రి ఎగుమతుల మీద ఉన్న మార్గదర్శకాలను 1988 చివరలో మంత్రులు సడలించి కూడా, సభ్యుల ప్రశ్నలకు పాత మార్గదర్శకాలే వర్తిస్తున్నాయన్నట్టు సమాధానాలిస్తూ వచ్చారు. 1996 ఫిబ్రవరిలో వెలువడిన స్కాట్ విచారణ నివేదిక ఈ సంగతిని వివరంగా బయటపెట్టింది. ‘విధానం ఏమిటి’ అని అడిగితే అచ్చులో ఉన్న విధానమే జవాబుగా వస్తుంది. ‘ఫలానా తేదీ తరువాత ఆ విధానాన్ని గానీ, దానిని అన్వయించే పద్ధతిని గానీ, అందులోని మినహాయింపులను గానీ మార్చారా, మార్చి ఉంటే ఏ తేదీన మార్చారు’ అని అడిగితే తప్పుకోవడానికి దారి చాలా ఇరుకవుతుంది.

నిడివి విషయంలో సభ నియమాలే మీకు మేలు చేస్తాయి. లోక్‌సభలో ప్రశ్న 150 మాటలకు మించకూడదు, సాధారణంగా 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. న్యాయస్థానాల పరిశీలనలో ఉన్నవి, ఊహాజనితమైనవి, ఇదివరకే జవాబు ఇచ్చినవి, అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికేవి అడగకూడదు. ఆ మంత్రి బాధ్యతలోకి వచ్చే విషయమే అయి ఉండాలన్నది అన్నిచోట్లా ఉన్న నియమం. ఏ శాఖకు పంపాలో సందేహం ఉంటే ముందే తేల్చుకోండి, లేకపోతే శాఖల మధ్య బదిలీల్లోనే సమయం గడిచిపోతుంది.

ఒకే డబ్బు గురించి రెండు శాఖలను వేర్వేరుగా అడగడం చాలామంది సభ్యులు ఉపయోగించుకోని మంచి పద్ధతి. ఒక పథకానికి ఎంత విడుదల చేశారో ఆర్థిక శాఖను, ఎంత అందిందో, ఎంత ఖర్చయిందో సంబంధిత శాఖను, ఒకే తేదీని పేర్కొంటూ అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే తరువాతి ప్రశ్నను ఆ తేడాయే రాసిపెడుతుంది.

అనుబంధ ప్రశ్న

మౌఖిక ప్రశ్నకు ప్రాణం అనుబంధ ప్రశ్నలో, అంటే మంత్రి జవాబు విన్నాక దాని మీద అక్కడికక్కడే అడిగే ప్రశ్నలో ఉంది. ముందుగా అచ్చయిన ప్రశ్నకు అధికారులు తీరిగ్గా రాసిన జవాబును మంత్రి చదువుతారు. అనుబంధ ప్రశ్నకు మాత్రం తానే ఆలోచించుకుని జవాబు చెప్పాలి, అంటే విషయం మంత్రికి ఎంత తెలుసో అప్పుడే బయటపడుతుంది. బ్రిటిష్ పాలకులకు ఈ తేడా బాగా తెలుసు. 1892 చట్టం భారతదేశంలోని శాసన మండళ్ల సభ్యులకు ప్రశ్నలు అడిగే హక్కు ఇచ్చింది కాని అనుబంధ ప్రశ్నకు తావివ్వలేదు. 1909 సంస్కరణలతో ఆ హక్కు మొదట ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రం దక్కింది. అడగనిచ్చినా తరిచి అడగనివ్వకపోతే ప్రశ్నకు పదును ఉండదని వారు గ్రహించే అలా చేశారని నేను భావిస్తున్నాను.

లోక్‌సభలో నక్షత్ర గుర్తు ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు దక్కుతాయి, ఆ తరువాత స్పీకర్ ఇతరులను పిలుస్తారు. ఈ రెండు అవకాశాల కోసం కనీసం నాలుగు ప్రశ్నలు సిద్ధం చేసుకోండి. మంత్రి అవునంటే ఏది, కాదంటే ఏది, దాటవేస్తే ఏది, అంకె తప్పు చెబితే ఏది అన్నది కాగితం మీద ఉండాలి. ఆ తరువాత ఆ కాగితం కంటే ఎక్కువగా జవాబు మీద దృష్టి పెట్టాలి. మంత్రి ఇప్పుడే ఒప్పుకున్న విషయాన్నే మళ్లీ అడిగే సభ్యులు ఎందరో ఉన్నారు, ఎందుకంటే వారు జవాబు వినకుండా తమ తరువాతి ప్రశ్నను చదువుకుంటూ ఉంటారు.

ఒక అనుబంధ ప్రశ్నలో ఒకే విషయం అడగాలి. రెండు అడిగితే మంత్రి సులువైన దానికి జవాబు చెప్పి కూర్చుంటారు, అది నియమాల ప్రకారం తప్పు కూడా కాదు. ఉపోద్ఘాతం ఒక్క వాక్యం చాలు, అది కూడా మంత్రి కాదనలేని వాస్తవమైతే మంచిది: ‘గత ఏడాది ఇదే సభలో 400 పోస్టులు భర్తీ చేస్తామని చెప్పారు. వాటిలో ఇప్పటివరకు ఎన్ని భర్తీ అయ్యాయి?’ ఇక్కడ ఆపేయాలి. ఆ తరువాత మరో మాట కలిపితే, ఆ మాటకు జవాబు చెప్పే అవకాశాన్ని మంత్రికి మీరే ఇచ్చినవారవుతారు.

ఒక సభ్యుడికి దక్కని జవాబును మరో సభ్యుడు అందుకుని అవే మాటలతో తిరిగి అడిగితే, అది సూటి ప్రశ్న అని, దానికి జవాబు రాలేదని సభకంతటికీ తెలుస్తుంది. దీనికి ముందుగా మాట్లాడుకోవడం అవసరం. ఒకే పార్టీ సభ్యులు ఒకరికొకరు తెలియకుండా ఆరు వేర్వేరు విషయాలు అడగడం వల్ల ప్రశ్నోత్తరాల సమయం ఎంతగా వృథా అవుతుందో సభా కార్యకలాపాలు గమనించేవారికి తెలుసు. బ్రిటన్‌లో ప్రతి బుధవారం ప్రధానిని ప్రశ్నించే అరగంటలో ప్రతిపక్ష నాయకుడికి ఆరు ప్రశ్నలు దక్కుతాయి. ఆ ఆరింటినీ ఒకే అంశం మీద, ఒక జవాబు నుంచి మరో ప్రశ్న పుట్టేలా వాడినప్పుడే ప్రధాని వైఖరి స్పష్టంగా బయటికి వస్తుంది.

ఈ పని ప్రతిపక్షానిదే అనుకోవడం పొరపాటు. 1957లో ప్రభుత్వ జీవిత బీమా సంస్థ వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల్లో పెట్టిన పెట్టుబడుల గురించి లోక్‌సభలో ప్రశ్నించిన రామ్ సుభగ్ సింగ్, ఆ వ్యవహారాన్ని పత్రాలతో సహా ఎండగట్టిన ఫిరోజ్ గాంధీ ఇద్దరూ అధికార కాంగ్రెస్ సభ్యులే. ఆ వ్యవహారంపై న్యాయమూర్తి చాగ్లా జరిపిన విచారణ తరువాత 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మంత్రిని పొగడటానికి వీలుగా శాఖే రాసిచ్చిన ప్రశ్నను చదివే అధికార పక్ష సభ్యుడు తన ఓటర్లకు చెందిన సమయాన్ని మంత్రికి దానం చేస్తున్నాడు.

దాటవేసే జవాబులను ఎదుర్కోవడం

మంత్రులు అబద్ధం చెప్పడం అరుదు. జవాబు చెప్పకుండా జవాబు చెప్పినట్టు కనిపించడమే రోజూ జరిగేది. దాని రూపాలు కొద్దివే కాబట్టి వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు.

‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్నది మొదటిది. ఇది నిజమే కావచ్చు, కాని చాలాసార్లు అక్కడితో విషయం మరుగున పడుతుంది. ‘అంత వివరంగా సమాచారం నిర్వహించడం లేదు’ అన్నది రెండోది. దీనిని ముందే నివారించవచ్చు. అసలు ప్రశ్నకు ముందు, ‘ఈ విషయంపై శాఖ ఏ ఏ వివరాలను, ఎంత తరచుగా, ఏ స్థాయిలో సేకరిస్తోంది’ అని ఒక లిఖితపూర్వక ప్రశ్న వేయండి. వచ్చిన జవాబులోని శీర్షికలనే వాడుతూ రెండో ప్రశ్న రాస్తే, తమ దగ్గర లేదని చెప్పడం శాఖకు కష్టమవుతుంది. బ్రిటన్‌లో సమాచార సేకరణకు ఖర్చు మరీ ఎక్కువవుతుందన్న కారణంతో జవాబు నిరాకరించే పద్ధతి ఉంది. అలాంటప్పుడు పదేళ్ల లెక్కకు బదులు ఒక ఏడాది లెక్కను, దేశమంతటికీ బదులు ఒక ప్రాంతపు లెక్కను అడిగితే జవాబు వస్తుంది. అలా ముక్కలుగా అడిగి మొత్తాన్ని మీరే కూడుకోవచ్చు.

మూడోది రహస్యం, జాతీయ భద్రత, వాణిజ్య గోప్యత. ఇవి కొన్నిసార్లు న్యాయమైన కారణాలే. కాని నిరాకరణకు కూడా కారణం చెప్పాలని పట్టుబట్టాలి. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2017 నవంబరు 7న ఇచ్చిన తీర్పులో, ప్రభుత్వ రైల్వే సంస్థ గురించి, బ్యాంకుల పర్యవేక్షణ గురించి సభ్యులు అడిగిన ప్రశ్నలకు ప్రభుత్వం సరిగా జవాబివ్వకపోవడం పార్లమెంటు హక్కులను ఉల్లంఘించడమేనని తేల్చింది. ఆ సంస్థ కంపెనీ రూపంలో ఉందన్న సాకు చెల్లలేదు.

నాలుగోది ప్రశ్నను కొంచెం మార్చి, మారిన ప్రశ్నకు జవాబు చెప్పడం. ‘ఎన్ని పూర్తయ్యాయి’ అంటే ‘ఎన్ని మంజూరు చేశామో’ చెబుతారు. దీనికి విరుగుడు ఓపికతో కూడిన ఇరుకైన ప్రశ్నలే. ఫాక్లాండ్ దీవుల యుద్ధంలో, 1982 మే 2న అర్జెంటీనా యుద్ధనౌక జనరల్ బెల్గ్రానోను బ్రిటన్ జలాంతర్గామి ముంచివేసిన తరువాత, ఆ నౌక బ్రిటిష్ దళాల వైపు వస్తోందని ప్రభుత్వం మొదట సభకు చెప్పింది. టామ్ డాలియెల్ అనే సభ్యుడు ఏళ్ల తరబడి వదలకుండా నౌక ఏ సమయంలో కనిపించింది, ఏ దిశలో పోతోంది, దిశ ఎప్పుడు మార్చుకుంది అన్నవే అడుగుతూ పోయారు. అది అప్పటికి గంటల కిందటే దిశ మార్చుకుని దూరంగా వెళుతోందని చివరకు తేలింది. యుద్ధం న్యాయమా కాదా అన్న చర్చను మంత్రులు సులువుగా నెట్టుకురాగలిగారు గాని, సమయం, దిశ అన్న రెండు వివరాలను మాత్రం దాటలేకపోయారు.

కమిటీ గదిలో

సభలో కంటే కమిటీలో ప్రశ్నించడం సాధారణంగా ఫలవంతం, ఎందుకంటే అక్కడ సమయం ఎక్కువ, కేకలు తక్కువ, ఒకే సభ్యుడు వరుసగా తరిచి అడగవచ్చు. మంత్రి కంటే ముందు అధికారులను, ఉద్యోగ సంఘాలను, క్షేత్రస్థాయిలో పనిచేసేవారిని పిలిచి వారి వాంగ్మూలం నమోదు చేసుకోవడం ఇక్కడ ముఖ్యమైన ఏర్పాటు. 2018 ఏప్రిల్ 25న బ్రిటన్ హోం వ్యవహారాల కమిటీ ముందు ఒక ఉద్యోగ సంఘం ప్రతినిధి అక్రమ వలసదారులను పంపించివేయడానికి లక్ష్యాలున్నాయని చెప్పారు. ఆ వెంటనే వచ్చిన హోం మంత్రి అంబర్ రడ్‌ను అదే విషయం అడిగితే అలాంటి లక్ష్యాలు లేవన్నారు. ఉన్నాయని పత్రాలు బయటపడ్డాయి, నాలుగు రోజుల్లో ఆమె రాజీనామా చేశారు. ఉన్నాయా లేవా అన్నంత చిన్న ప్రశ్న అది, సాక్షుల వరుస సరిగా ఉండటం వల్ల ఆ జవాబుకు అంత విలువ వచ్చింది.

ఎవరి తరఫున అడుగుతున్నాం

సమాచారం ఎవరిచ్చినా దానిని స్వయంగా సరిచూసుకోవాలి, ఆ విషయంలో తనకు ఆర్థిక ప్రయోజనం ఏదైనా ఉంటే సభ్యుడు వెల్లడించాలి. ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణపై 2005 డిసెంబరులో భారత పార్లమెంటు 11 మంది సభ్యులను బహిష్కరించింది. అమ్ముడుపోయిన ఒక ప్రశ్న వల్ల నిజాయితీగా అడిగిన వంద ప్రశ్నలను కూడా జనం అనుమానంగా చూస్తారు.

జవాబు వచ్చిన తరువాత

అసలు పనిలో సగం ఇక్కడే ఉంది, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇక్కడే. ప్రతి జవాబునూ ప్రశ్న సంఖ్య, తేదీ, మంత్రి పేరు, ఇచ్చిన హామీ, గడువు అన్న వివరాలతో ఒక పట్టికలో నమోదు చేసుకోండి. ‘పరిశీలిస్తాం’, ‘విచారణ జరిపిస్తాం’, ‘వివరాలు సభ ముందు ఉంచుతాం’ వంటి మాటలను భారత పార్లమెంటు హామీలుగా లెక్కిస్తుంది. వాటిని వెంటాడటానికే లోక్‌సభలో 1953లో ప్రభుత్వ హామీల కమిటీ ఏర్పడింది, హామీని సాధారణంగా మూడు నెలల్లో నెరవేర్చాలి. మీకు వచ్చిన జవాబులో హామీ ఉండి కూడా అది కమిటీ జాబితాలోకి ఎక్కకపోతే కమిటీకి రాయండి. జవాబు అసంపూర్ణంగా ఉండి, విషయం ప్రజలకు ముఖ్యమైనదైతే అరగంట చర్చకు నోటీసు ఇవ్వవచ్చు.

జవాబు తప్పని ఆధారం దొరికితే తొందరపడి సభలో ఆరోపించకండి. ముందు మంత్రికి లేఖ రాసి, ఆధారం జతచేసి, రికార్డు సరిదిద్దమని అడగండి. చాలా తప్పులు కింది కార్యాలయం పంపిన లెక్కల్లో దొర్లినవే అయి ఉంటాయి, మంత్రి సవరణ ప్రకటన చేస్తే మీరు కోరుకున్న సరైన అంకె రికార్డులోకి వచ్చినట్టే. తెలిసి తెలిసి తప్పు చెప్పారని చూపించగలిగినప్పుడే సభా హక్కుల ఉల్లంఘన నోటీసు ఇవ్వాలి. సభను తెలిసి తప్పుదోవ పట్టించిన మంత్రి రాజీనామా సమర్పించాలని, పొరపాటున తప్పు చెబితే వీలైనంత త్వరగా సరిదిద్దాలని బ్రిటన్ దిగువ సభ 1997 మార్చిలో తీర్మానించింది. 1963లో యుద్ధ వ్యవహారాల మంత్రి జాన్ ప్రొఫ్యూమో మార్చిలో సభకు చేసిన ప్రకటన అబద్ధమని జూన్‌లో ఒప్పుకుని పదవి వదులుకున్నారు.

మంత్రి మారినా, శాఖ పేరు మారినా సభకు ఇచ్చిన జవాబు ప్రభుత్వానిదే. కొత్త మంత్రి వచ్చిన తొలి సమావేశాల్లోనే పాత ప్రశ్న సంఖ్యను, తేదీని ఉటంకిస్తూ, ఆనాటి హామీ ఏ దశలో ఉందో లిఖితపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాక పట్టికలో ఆ పాత వరుస పక్కనే కొత్త తేదీని, కొత్త అంకెను రాసుకుని, తరువాతి నోటీసు ఎప్పుడు ఇవ్వాలో గుర్తు పెట్టుకోండి.